తెర ప్రక్కన నిలిచిన గొంతు: తరగతి గదిలో కదిలే బొమ్మల కథ

భారతీయ చలనచిత్ర పితామహుడని మనం గౌరవించే దాదాసాహెబ్ ఫాల్కే ‘రాజా హరిశ్చంద్ర’ను నిర్మించక పూర్వం, 1912లో, ఒక చిన్న చిత్రాన్ని తీశారు. అందులో రాజులు లేరు, ఋషులు లేరు. కుండీలో నాటిన ఒక బఠాణి గింజ మాత్రమే ఉన్నది. ఆయన రోజులతరబడి ఓపికగా ఒక్కొక్క చిత్రాన్నే తీసుకుంటూ, ఆ గింజ మొలకెత్తి, ఆకు తొడిగి, తీగ సాగిన క్రమాన్నంతటినీ కొద్ది క్షణాలలో కళ్ళముందు నిలిపారు. చిత్రనిర్మాణానికి డబ్బు పెట్టేవారికి తన విద్యపై నమ్మకం కలిగించడమే ఆయన ఉద్దేశమనుట నిజమే. అయినా ఆ చిత్రాన్ని ఈనాడు ఏ ఉపాధ్యాయుడు చూచినా ఇది వృక్షశాస్త్ర పాఠమే గదా అంటాడు. మన దేశంలో కదిలే బొమ్మ మొట్టమొదట చేసిన పనులలో పాఠం చెప్పడం ఒకటి; అది జరిగినది మనం నివసిస్తున్న ఈ మహారాష్ట్రంలోనే.

ఆ కాలపు చిత్రాలకు మాట లేదు. తెరమీద నడుమనడుమ అక్షరాలు పడేవి; చదువు రాని ప్రేక్షకులకు, ఆ భాష తెలియని ప్రేక్షకులకు, తెర ప్రక్కన ఒక మనిషి నిలుచుండి కథ వినిపించేవాడు. ఊరు మారితే అతని భాష మారేది. బొమ్మ ఒకటే, గొంతులు అనేకం. 1931లో టాకీలు వచ్చి ఆ మనిషి వృత్తిని తుడిచిపెట్టాయి. సినిమా చరిత్రకారులు అతనిని గూర్చి ఒకటి రెండు వాక్యాలు వ్రాసి ముందుకు సాగుతారు. తరగతి గది చరిత్రలో మాత్రం అతడు అంత తేలికగా మరపున పడవలసినవాడు కాడు. ఉపగ్రహం వచ్చినా, యూట్యూబ్ వచ్చినా, తెరమీది బొమ్మ ప్రక్కన ఎవరు నిలుచుంటారు, ఏ భాషలో మాట్లాడతారు అన్న ప్రశ్న మాత్రం మారలేదు. సొంత రాష్ట్రం వెలుపల ఉన్న తెలుగు బడికి ఇది పాండిత్య చర్చ కాదు, నిత్యావసరం.

స్వాతంత్ర్యం తరువాత 1948లో ఏర్పడిన ఫిల్మ్స్ డివిజన్ వార్తాచిత్రాలను, డాక్యుమెంటరీలను పలు భాషలలో తయారుచేసి దేశమంతటా చూపించింది. పాఠశాలలకు పదహారు మిల్లీమీటర్ల ప్రొజెక్టర్లు కొన్నిచోట్ల వచ్చాయి. అవి చాలావరకు బీరువాలోనే భద్రంగా ఉండేవని పెద్దలు చెప్పగా మనలో చాలామంది విన్నాము. ఢిల్లీలో 1959లో టెలివిజన్ ప్రారంభమైంది, 1961 నుంచి అక్కడి పాఠశాలలకు పాఠాలు ప్రసారం కాజొచ్చాయి. కాని అది ఒక నగరానికి పరిమితమైన వ్యవహారం. పల్లెకు తెర చేరడానికి ఆకాశమార్గం పట్టవలసివచ్చింది.

విక్రమ్ సారాభాయ్ ఆలోచన ఇది. పట్టణం నుంచి పట్టణానికి స్తంభాలు పాతుకుంటూ పోతే పల్లె వంతు వచ్చేసరికి ఒక తరం గడిచిపోతుంది. ఉపగ్రహమైతే ఒకేసారి అందరికీ అందుతుంది. ఈ ఉద్దేశంతో 1969లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసాతో ఒడంబడిక కుదిరింది. ఫలితాన్ని చూచుటకు సారాభాయ్ జీవించి లేరు. 1971 డిసెంబరులో కన్నుమూశారు. నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం సహాయంతో 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు, సరిగ్గా ఒక్క సంవత్సరం, ‘సైట్’ అనే పేరుతో ఆ ప్రయోగం నడిచింది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా, బీహారు, మధ్యప్రదేశ్, రాజస్థాన్ – ఈ ఆరు రాష్ట్రాలలో దాదాపు 2,400 గ్రామాలను ఎంపిక చేశారు. కోళ్ళగూటి జల్లెడ వంటి తీగవలతో చేసిన పది అడుగుల ఛత్రాలు పాఠశాలల మీద, పంచాయతీ భవనాల మీద వెలిశాయి. కరెంటు లేని ఊళ్ళలో టీవీలు బ్యాటరీలతో నడిచాయి.

ఉదయం పూట గంటన్నర సేపు బడిపిల్లల కార్యక్రమాలు. ఆ గంటన్నరను హిందీ, కన్నడం, ఒరియా, తెలుగు భాషలు నాలుగూ సమంగా పంచుకున్నాయి. అంటే ఒక్కొక్క భాషకు ఇరవై రెండున్నర నిమిషాలు! మన హైదరాబాదులోని కార్యక్రమ నిర్మాణ కేంద్రం తెలుగు పల్లెలకు తెలుగులో పాఠాలు తయారుచేసింది. తెలుగు బడిపిల్లవాడు తన భాషలో మాట్లాడే తెరను తరగతి గదిలో చూచినది బహుశః ఆనాడే ప్రథమం. అదే సంవత్సరం రెండు విడతలుగా దాదాపు 50,000 మంది ప్రాథమికోపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో ఈ ఉపగ్రహం ద్వారానే శిక్షణ ఇచ్చారు. పిల్లల పాఠాల కంటె ఈ ఉపాధ్యాయ శిక్షణయే ఆ ప్రయోగంలో ఎక్కువ దూరదృష్టి గల పని అని నా అభిప్రాయం.

ఇక మన సంగతి. షోలాపురానికి దక్షిణాన ఆనుకొని ఉన్న విజాపుర, గుల్బర్గా జిల్లాల పల్లెలకు ఆ ఏడు కన్నడ పాఠాలు దిగాయి. తూర్పున తెలంగాణ పల్లెలకు తెలుగు పాఠాలు దిగాయి. నడుమనున్న మహారాష్ట్రం ఆ ఆరు రాష్ట్రాల జాబితాలో లేదు. భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిచిన ఉపగ్రహానికి రాష్ట్రాల సరిహద్దులు కనబడవు. ఛత్రాలు పంచిన కాగితానికి కనబడతాయి. మగ్గాన్ని నమ్ముకొని శతాబ్దానికి పైగా ఇక్కడ స్థిరపడిన మన పద్మశాలి కుటుంబాల పిల్లలు తెలుగు మాధ్యమంలోనే చదువుతున్నా, తెలుగు పాఠం వారి తలల మీదుగా సాగిపోయింది.

ప్రయోగం ముగిసిన తరువాత జరిపిన పరిశీలనలు నిజాయితీగా జరిగాయి. టీవీ చూచిన పిల్లల భాషాశక్తి మెరుగుపడిందని, కొత్త విషయాలు తెలుసుకోవాలన్న ఆసక్తి పెరిగిందని తేలింది. బడిలో చేరేవారి సంఖ్యలోగాని, మధ్యలో మానుకునేవారి సంఖ్యలోగాని చెప్పుకోదగిన మార్పు రాలేదనీ తేలింది. పొలం పనికి, పశువుల వెంట పోవలసిన పిల్లవానిని తెర ఆపలేదు. ఈ రెండు ఫలితాలనూ కలిపి చదువుకొనే అలవాటు మన విద్యాధికారులకు ఉండినట్లయితే తరువాతి యాభై ఏళ్ళలో ఎన్నో ఆర్భాటాలు తగ్గేవి.

1983లో ఇన్సాట్-1బి కక్ష్యలో నిలిచిన తరువాత విద్యాప్రసారాలు స్థిరపడ్డాయి. 1984లో ఢిల్లీలో కేంద్రీయ విద్యాసాంకేతిక సంస్థ ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్ర, ఒరిస్సా, గుజరాత్, బీహారు, ఉత్తరప్రదేశ్‌లలో రాష్ట్ర సంస్థలు వచ్చాయి. మహారాష్ట్ర సంస్థ పుణెలో ‘బాలచిత్రవాణి’ అన్న అందమైన పేరుతో వెలిసింది. ఆ పేరు విన్న ఒక తరం మరాఠీ పిల్లలకు నేటికీ ముఖం వికసిస్తుంది. హైదరాబాదు సంస్థ తెలుగులో, పుణె సంస్థ మరాఠీలో కార్యక్రమాలు నిర్మించాయి. భాష రాష్ట్రంతో ముడిపడింది. షోలాపురంలో తెలుగు చదివే పిల్లవానికి హైదరాబాదు దూరం, పుణె దగ్గర. భాషకు వచ్చేసరికి పుణె దూరం, హైదరాబాదు దగ్గర. ఎవరి తప్పూ కాదు. ఏ కార్యాలయపు దస్త్రంలోనూ ఇతని పేరు లేదు, అంతే. 1984 ఆగస్టు 15న విశ్వవిద్యాలయాల నిధుల సంఘం ఆరంభించిన ‘కంట్రీవైడ్ క్లాస్‌రూమ్’ ఇంగ్లీషులో సాగింది గనుక ఈ చిక్కే రాలేదు. పల్లె విద్యార్థులందరికీ అది సమానంగా దూరమైంది!

విద్య కొరకే ప్రత్యేకించిన ఎడ్యుశాట్‌ను 2004 సెప్టెంబరు 20న మన శ్రీహరికోట నుంచి ప్రయోగించారు. కేరళ ‘విక్టర్స్’ వంటి ప్రసారాలకు అది ఊతమిచ్చింది. దానిని గూర్చి ఎక్కువ వ్రాయను. ఎందుకంటే అది పైకెగిరిన ఏడు నెలలకే, ఏ ప్రభుత్వమూ ఆదేశించకుండా, అసలైన మలుపు వేరొకచోట వచ్చింది.

2005 ఏప్రిల్ 23న జావెద్ కరీమ్ అనే యువకుడు అమెరికాలోని శాన్‌డియాగో జంతుప్రదర్శనశాలలో ఏనుగుల ముందు నిలబడి, వాటి తొండాలు చాలా పొడవని చెప్పి, ఆ 19 సెకన్ల దృశ్యాన్ని ఇంటర్నెట్‌లో పెట్టాడు. యూట్యూబ్‌లో చేరిన తొలి వీడియో అదే. చాడ్ హర్లీ, స్టీవ్ చెన్, కరీమ్ – ఈ ముగ్గురూ నెలకొల్పిన ఆ సంస్థను మరుసటి సంవత్సరమే గూగుల్ 165 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసింది. ధర సంగతి అటుంచి, పని తీరును గమనించాలి. అంతకుముందు వీడియోను నలుగురికి చూపాలంటే సొంతంగా సర్వరు కావాలి, చూచేవాని కంప్యూటరులో దానికి సరిపడే సాఫ్ట్‌వేర్ కావాలి. ఇప్పుడు వీడియోను ఎక్కించిన మరుక్షణం ఒక చిరునామా వస్తుంది. ఆ చిరునామా తెలిసినవారెవరైనా ఎప్పుడైనా చూడవచ్చు. నిలుపవచ్చు, వెనుకకు తిప్పవచ్చు. ప్రసారానికి ఉండిన రెండు సంకెళ్ళు – వేళ, హద్దు – ఒక్కసారిగా తెగిపోయాయి. మూడవది వీటికంటె ముఖ్యం: పంపేవాడు ప్రభుత్వమే కానక్కరలేదు.

ఈ మూడవ సంగతిని మొదట నిరూపించిన వారిలో సల్మాన్ ఖాన్ ఒకరు – హిందీ నటుడు కాదు, అమెరికాలో పుట్టి పెరిగిన బెంగాలీ కుటుంబీకుడు. దూరాన ఉన్న తన చిన్నాన్న పిన్నమ్మల వరుస బిడ్డ నాడియాకు 2004లో ఫోనులో లెక్కలు చెప్పసాగారు. మిగిలిన బంధువుల పిల్లలూ చేరేసరికి 2006లో ఆ పాఠాలను యూట్యూబ్‌లో పెట్టారు. ఎదుట కూర్చొని చెప్పిన దానికన్న యూట్యూబ్‌లో చెప్పినదే తమకు నచ్చిందని పిల్లలు అన్నారట. అన్నలో లోపమేమీ లేదు. తెలియని చోట పదిసార్లు అడిగినా తెర విసుగుకోదు, అడిగినందుకు సిగ్గుపడనక్కరలేదు. 2008లో ఆ కృషి లాభాపేక్ష లేని సంస్థగా రూపొందింది. 2007లో కొలరాడోలోని వుడ్‌లాండ్ పార్క్ అనే కొండప్రాంతపు ఊరి హైస్కూలులో జొనాథన్ బెర్గ్‌మన్, ఏరన్ శామ్స్ అనే రసాయనశాస్త్రోపాధ్యాయులు, ఆటల పోటీలకు పోయి బడి తప్పే పిల్లల కొరకు తమ పాఠాలను వీడియోలుగా చేశారు. బడి తప్పనివారూ వాటిని చూడసాగారు. పాఠం ఇంట్లో వీడియోలో విని, బడిలో ఉపాధ్యాయుని సమక్షంలో లెక్కలూ ప్రయోగాలూ చేయుట అనే తలక్రిందుల పద్ధతి ప్రసిద్ధికెక్కడానికి వీరే ముఖ్యకారకులు.

మన వైపు చూస్తే, ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో ఆరంభించిన ఎన్‌పీటెల్ ఉపన్యాసాలు ఇంజనీరింగ్ విద్యార్థులకు అక్షయపాత్ర అయ్యాయి. కాని చిన్న బడికి నా దృష్టిలో అంతకంటె మేలు చేసినది పుణెలోని అరవింద గుప్త బృందం. కాన్పూరు ఐఐటీలో చదువుకొని, మోటారు వాహనాల పరిశ్రమలోని ఉద్యోగం విడిచి, పారవేసిన వస్తువులతో శాస్త్రప్రయోగాల ఆటబొమ్మలు చేయడానికి జీవితం వెచ్చించిన మనిషి ఆయన. అగ్గిపుల్లలు, సైకిలు వాల్వు ట్యూబు ముక్కలు కలిపితే జ్యామితి ఆకృతులు. ఒక బ్యాటరీ, అయస్కాంతం, రెండు పిన్నీసులు, కొంచెం రాగితీగ ఉంటే తిరిగే మోటారు. పుణె విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని ఖగోళశాస్త్ర సంస్థ అయూకాలో పనిచేసే కాలంలో ఆయన బృందం ఈ ప్రయోగాలను ఒకటి రెండు నిమిషాల వీడియోలుగా తీసి అందరికీ ఉచితంగా పంచింది, పలు భారతీయ భాషల్లో వ్యాఖ్యానాలు చేర్చింది. 2018లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఆ వీడియోలలో తెరనిండా కనిపించేది రెండు చేతులు. చేతులకు భాష అక్కరలేదు. ధ్వనిని ఆపివేసి, ప్రక్కన నిలుచుండి మన తెలుగులో మనం చెప్పుకుంటే పాఠం మనదవుతుంది. మూకీ సినిమా నాటి ఆ మనిషి మరల తెర ప్రక్కకు వచ్చాడన్నమాట.

మరొక ఉదాహరణ మన జిల్లాలోనిదే. మాఢా తాలూకా పరితేవాడి జిల్లా పరిషత్ ప్రాథమికశాలలో 2009లో చేరిన రణజిత్‌సింహ్ డిసలే గురువుగారికి అక్కడి చిక్కు వెంటనే కనబడింది: పుస్తకాల భాష వేరు, పిల్లల ఇంటిభాష కన్నడం. ఆయన పిల్లల భాష నేర్చుకున్నారు. పుస్తకాలను వారి మాటలోకి మార్చారు. పుటలపై క్యూఆర్ కోడ్లు ముద్రించి, ఫోను చూపితే పద్యం వినిపించేటట్లు, పాఠం వీడియోగా కనిపించేటట్లు చేశారు. ఆ పద్ధతి రాష్ట్రపు పాఠ్యపుస్తకాలకు ప్రాకింది, 2018లో ఎన్సీఈఆర్టీ పుస్తకాలకూ ప్రకటించారు. 2020 డిసెంబరు 3న ఆయనకు ప్రపంచ ఉపాధ్యాయ పురస్కారం లభించింది. పది లక్షల డాలర్ల బహుమతిలో సగం తనతోపాటు తుదివరుసలో నిలిచిన తొమ్మిదిమంది ఉపాధ్యాయులకు పంచివేశారు. పత్రికలన్నీ క్యూఆర్ కోడ్లను మెచ్చుకున్నాయి. ముందుగా ఆయన పిల్లల భాష నేర్చుకున్నారన్న సంగతి రెండవ పేరాలోకి పోయింది. భాషాల్పసంఖ్యాకులమైన మనం ఆ వార్తను తలక్రిందుగా చదువుకోవాలి.

2016 సెప్టెంబరులో జియో రాకతో ఇంటర్నెట్ ధర నేలకు దిగింది. 2017 సెప్టెంబరు 5న, ఉపాధ్యాయ దినోత్సవం నాడు, కేంద్రప్రభుత్వపు ‘దీక్షా’ వేదికను నాటి ఉపరాష్ట్రపతి ముప్పవరపు వెంకయ్యనాయుడుగారు ప్రారంభించారు. పాఠ్యపుస్తకాల క్యూఆర్ కోడ్లు క్రమంగా దానితో ముడిపడ్డాయి. విచిత్రమేమంటే అదే 2017లో పుణెలోని బాలచిత్రవాణి మూతపడింది. ఒక యుగం తలుపు మూసుకోవడం, మరొక యుగం తలుపు తెరచుకోవడం ఒకే ఏట జరిగాయి.

తరువాత 2020 మార్చి. కరోనా వ్యాధి వలన దేశమంతటా బడులు మూతపడ్డాయి. అంతవరకు పాఠానికి అలంకారంగా ఉన్న వీడియో రాత్రికి రాత్రి పాఠమే అయింది. మన మహారాష్ట్రంలో జులై 20 నుంచి సహ్యాద్రి దూరదర్శన్‌లో ‘టిలీమిలీ’ అనే చక్కని కార్యక్రమం మరాఠీలో వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో సప్తగిరి ఛానెలు, తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి యాదగిరి, టీ-శాట్ ఛానెళ్ళు తెలుగులో పాఠాలు చెప్పాయి. ఆ పాఠాలు యూట్యూబ్‌లోనూ నిలిచాయి గనుక 1975 నాటి వలె మన తలల మీదుగా పోలేదు. షోలాపురంలో, ముంబయిలో, భివండీలో, బళ్ళారిలో, బరంపురంలో కూర్చున్న తెలుగు పిల్లవాడు చేయి చాపి అందుకోగలిగాడు. ఇది చిన్న విషయం కాదు. మన పిల్లల ఇంటి తెలుగులో మరాఠీ మాటలూ, తాతల నాటి కరీంనగరు, నల్లగొండ పలుకుబడీ కలిసి ఉంటాయి. వారు పుస్తకపు తెలుగును బడిలో తప్ప విని ఎరుగరు. ఇప్పుడు ఒక రసాయనశాస్త్ర పాఠం సాంతం తెలుగులో వినవచ్చును.

అయితే అందుకున్న పండు మన పళ్ళెంలో ఒదగలేదు. మన పిల్లల పుస్తకాలు 1967లో ఏర్పడిన బాలభారతి సంస్థ తెలుగులో ముద్రించేవి. వాటి పాఠ్యప్రణాళిక మహారాష్ట్రానిది. లెక్కలకు, విజ్ఞానశాస్త్రానికి హైదరాబాదు వీడియో చాలావరకు పనికివచ్చింది. తరగతి మారినా కూడిక కూడికే, కిరణజన్య సంయోగక్రియ అదే. సాంఘికశాస్త్రం దగ్గర బండి ఆగింది. గోదావరి నది పాఠం తెలంగాణ పిల్లలకు కందకుర్తి వద్ద మొదలవుతుంది, మన పిల్లలకు నాసిక్ జిల్లా త్ర్యంబకేశ్వరం కొండల్లో మొదలవుతుంది. ఉజని ఆనకట్టను గూర్చి, భీమా నదిని గూర్చి తెలుగులో వీడియో ఎక్కడ దొరుకుతుంది? నాలుగవ తరగతిలో ఈ రాష్ట్రపు పిల్లలు తరతరాలుగా చదువుకుంటున్న ఛత్రపతి శివాజీ చరిత్రను తెలుగు మాధ్యమం పిల్లలు తెలుగులోనే చదువుతారు. శివనేరి, రాజగడం, ప్రతాపగడం కోటలను మరాఠీ వీడియోలు వందలుగా చూపుతాయి. ఆ పుస్తకం వరుసలో ఆ పాఠాన్ని తెలుగులో చెప్పవలసిన అవసరం హైదరాబాదుకు గాని, విజయవాడకు గాని ఏముంటుంది?

ఇంకొక సంగతి. వీడియో చౌక అయింది గాని ఫోను కాలేదు. గ్రామీణ విద్యార్థుల ఇళ్ళలో స్మార్ట్‌ఫోను ఉన్నవి 2018లో నూటికి 36 మాత్రమే కాగా 2020 నాటికి 61కి పైగా పెరిగాయని ‘అసర్’ సర్వే తెలిపింది. అదే సర్వే, అడిగిన వారంలో ఏదో ఒక పాఠ్యసామగ్రి అందినది సుమారు మూడోవంతు పిల్లలకేనని, అది అందినవారిలో ఎక్కువమందికి వాట్సాప్ ద్వారానే అందిందని కూడా చెప్పింది. సాంచాలు నడిపే తండ్రి, బీడీలు చుట్టే తల్లి ఉన్న ఇంట ఫోను ఒక్కటే ఉంటే అది పగలు తండ్రి జేబులో ఉంటుంది. అక్క, తమ్ముడు ఇద్దరూ చదివే ఇంట రాత్రి తొమ్మిదికి ఫోను ఎవరికి? సమాధానం చాలా ఇళ్ళలో మనకు తెలిసినదే, అక్కకు కాదు. 1976లో పొలానికి పోయిన పిల్లవానిని తెర ఆపలేకపోయిన కథే ఇది, నూలు పోగుల మధ్య జరిగింది.

ఉచితంగా వచ్చే వస్తువుకు ఎవరో ధర చెల్లిస్తూనే ఉంటారు. యూట్యూబ్ ప్రకటనల మీద బ్రతికే సంస్థ. త్రికోణాల పాఠం నడుమ సబ్బు ప్రకటన వస్తుంది. పాఠం ముగియగానే అడగకుండానే మరొక వీడియో, దాని వెనుక ఇంకొకటి. పిల్లవాని దృష్టిని పట్టి ఉంచడం ఆ యంత్రానికి వ్యాపారం, సరైన చోట వదలిపెట్టడం ఉపాధ్యాయునికి ధర్మం. అందుచేత తరగతిలో చూపదలచిన వీడియోను ముందురోజే పూర్తిగా చూచి, ఏ నిమిషం వద్ద ఆపాలో, ఆపి ఏమి అడగాలో వ్రాసుకొని వచ్చే ఉపాధ్యాయుని పాఠానికి, గంట కొట్టగానే తెరచి పెట్టి కుర్చీలో కూర్చునే ఉపాధ్యాయుని పాఠానికి భేదం ఆకాశానికి భూమికి ఉన్నంత. పది నిమిషాల వీడియోలో మూడు నిమిషాలు చాలు. ఆ మూడు నిమిషాలను రెండుసార్లు చూపితే మరీ మంచిది: మొదటిసారి ధ్వని లేకుండా, ఏమి కనబడిందని పిల్లలనే అడిగి, రెండవసారి మన మాటతో.

ఇప్పుడు యంత్రమే ఒక భాషలోని ఉపన్యాసాన్ని మరొక భాషలోకి మార్చి వినిపించే కాలం వచ్చింది. ఎన్‌పీటెల్ ఉపన్యాసాల తెలుగు అనువాదాలు కూడా జరుగుతున్నాయి. పెద్ద చదువులకు ఇది గొప్ప మేలు. చిన్న తరగతులకు అంతగా నమ్మలేను. కృత్రిమమైన ఆ తెలుగులో వాక్యం ఉంటుంది, ఎదుట కూర్చున్న పిల్లవాడు ఉండడు. ‘ఘర్షణ’ అన్న మాటకు మన పిల్లలకు ముందుగా స్ఫురించేది వీధిలోని కొట్లాట. నాడె దారాన్ని ఒరుసుకొని పరుగెత్తే చోట వేడి పుట్టడాన్ని చూపి, ఇది ఆ ఘర్షణ అని చెప్పడానికి మగ్గం ఎరిగిన గొంతు కావాలి.

ఆ గొంతులు మన బడిలో ఉన్నాయి. డెబ్బై అయిదేళ్ళ బడిలో పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులే ఒక తరగతి నిండా ఉంటారు. వారిచేత మొదట చెప్పించి చిత్రీకరించవలసినవి ఇతరచోట్ల దొరకని పాఠాలు: నాలుగవ తరగతి శివచరిత్ర తెలుగులో, భీమా–ఉజని భూగోళం, పడుగు పేకలతో భిన్నాలు, మరాఠీ లిపిని తెలుగు పిల్లలకు అక్షరం ప్రక్కన అక్షరం పెట్టి నేర్పే పాఠం. మూడు కాళ్ళ స్టాండు, కిటికీ వెలుతురు, మామూలు ఫోను చాలు. ఒక్కొక్కటి ఐదు నిమిషాలు మించనక్కరలేదు. సోలాపురి దుప్పటి నేపథ్యంగా వేలాడదీస్తే ప్రతిధ్వని కూడా తగ్గుతుంది.

చిత్రీకరించిన వాటిని ఒక ఉపాధ్యాయుని సొంత పేరున గాక పాఠశాల పేరున ఉన్న ఖాతాలో ఉంచాలి, దాని సంకేతపదం కార్యాలయపు రిజిస్టరులో ఉండాలి. ఉపాధ్యాయుడు బదిలీ అయినా, ఫోను పోయినా పాఠం పోకూడదు. యూట్యూబ్‌లో ఉన్నదే చాలుననుకోక అసలు ప్రతిని ఒక హార్డ్‌డిస్కులో పాఠశాల గ్రంథాలయంలో, మరొకదానిని వేరొక భవనంలో దాచాలి. ఫోను లేని ఇంటి పిల్లల కొరకు వారంలో రెండు సాయంత్రాలు బడి విడిచిన తరువాత ఒక గది తెరచి ఉంచితే, అక్క కూడా చూడగలుగుతుంది. బరంపురంలోనో, బళ్ళారిలోనో ఉన్న తెలుగు బడి వారు తమ రాష్ట్రపు పాఠాలను ఇదే రీతిలో చేస్తే చిరునామాలు ఇచ్చిపుచ్చుకోవచ్చును. అక్కడి వారికి శివచరిత్ర పరీక్షలో రాదు. అయినా ప్రతాపగడం కథ తెలుగులో వినడానికి వారి పిల్లలకు అభ్యంతరం ఉండదు.